ఆగిన ఊపిరికి అందే చెయ్యి

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం మరిచిపోతుంది. ఏడవదు, పెనుగులాడదు, కాళ్లూ చేతులూ కొట్టుకోదు. శ్వాసను నడిపే మెదడు భాగం ఇంకా పూర్తిగా ఎదగలేదు కాబట్టి ఛాతీ కదలిక సద్దుమణుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది, పెదవుల రంగు మారుతుంది. 20 సెకన్లు దాటి ఊపిరి ఆగినా, అంతకన్నా తక్కువ సేపే ఆగి గుండె వేగమో రక్తంలో ఆక్సిజనో పడిపోయినా వైద్యులు దాన్ని ఆప్నియా అంటారు. ఆ క్షణంలో ఎవరైనా గమనించి అరికాలిని వేలితో తట్టినా, వీపు నిమిరినా చాలాసార్లు బిడ్డ మళ్లీ ఊపిరి అందుకుంటుంది. ఎవరూ గమనించకపోతే మెదడుకు దెబ్బ తగలవచ్చు, ప్రాణమే పోవచ్చు. చర్మం కోయకుండా, గొంతులో గొట్టం దించకుండా ఊపిరిని కనిపెట్టే యంత్రాలన్నీ కొన్ని దశాబ్దాలుగా ఆ గమనించే కంటి పని చేయడానికి ప్రయత్నిస్తున్నాయి. తట్టే చేతి సంగతి వాటి లెక్కలోకి అంతగా రాలేదు. ఈ యంత్రాల మంచిచెడ్డలు తేల్చాలంటే ఆ చేతి వైపు నుంచే చూడాలని నా అభిప్రాయం. అలా చూసినప్పుడు ఏ యంత్రం ఎవరికి అవసరమో అన్న వరుస, ఇవాళ బజారు చెబుతున్న వరుసకు దాదాపు తలకిందులుగా వస్తుంది.

అలా చూడడానికి అనంతపురం పీఠభూమి కన్నా తగిన చోటు తెలుగునేల మీద దొరకడం కష్టం. ఉమ్మడి అనంతపురం విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయేదాకా ఆంధ్రప్రదేశ్‌లో అదే అతి పెద్ద జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. వేరుశనగను నమ్ముకున్న బతుకులు, పంట పోయిన ఏడు బెంగళూరుకు వలసలు. పసిబిడ్డల ప్రత్యేక వార్డు కావాలంటే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి లాంటి కొద్ది చోట్లకే చేరుకోవాలి. కుందుర్పి పక్కనో డి.హీరేహాళ్ పక్కనో ఉన్న ఊరి నుంచి ఆ ప్రయాణం నిమిషాల్లో అయ్యేది కాదు. ఇక్కడ ఊపిరి సమస్యలకు మూడు గడియారాలు ఉన్నాయి. నెలలు నిండని బిడ్డ గడియారం సెకన్లలో నడుస్తుంది. న్యుమోనియాతో పక్కలెగరేస్తున్న ఏడాది బిడ్డ గడియారం గంటల్లో నడుస్తుంది. నిద్రలో గొంతు మూసుకుపోయి గురకపెట్టే నడివయసు డ్రైవరు గడియారం నెలల్లో, ఏళ్లలో నడుస్తుంది. ఒకే యంత్రం ఈ మూడింటికీ సరిపోదు. ఏ గడియారానికి ఏ యంత్రం, దాని పిలుపు అందుకునే మనిషి ఎంత దూరంలో ఉన్నారు అన్నదే అసలు ప్రశ్న.

ముందు యంత్రాలు దేన్ని కొలుస్తాయో తేల్చుకోవాలి. ఊపిరిని సూటిగా కొలిచేది, అంటే ముక్కులోంచి పోయే గాలిని లెక్కించేది, మొహానికి తగిలించక తప్పదు. తక్కినవన్నీ ఊపిరి నీడల్ని కొలుస్తాయి. ఆసుపత్రి మానిటర్ ఛాతీ మీద అంటించిన రెండు ఎలక్ట్రోడ్ల మధ్య చాలా బలహీనమైన కరెంటు పంపి, ఊపిరితిత్తుల్లో గాలి నిండినప్పుడు పెరిగే నిరోధాన్ని చూస్తుంది. నడుముకూ ఛాతీకీ చుట్టే పట్టీలు ఒంటి చుట్టుకొలత మార్పును చూస్తాయి. ముక్కు దగ్గర పెట్టే థర్మిస్టర్ లోపలికి పోయే చల్లగాలికీ బయటికి వచ్చే వెచ్చని గాలికీ తేడా పట్టుకుంటుంది. పల్స్ ఆక్సిమీటర్ ఎర్ర కాంతినీ, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేలిలోంచి పంపి, రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం ఆక్సిజన్ మోస్తోందో అంచనా కడుతుంది. జపాన్‌లో తకువో అవొయాగి 1970ల మొదట్లో కనిపెట్టిన ఆ కిటుకు లేకుండా ఇవాళ మత్తు ఇచ్చే గదిని ఊహించలేం. ఇక ఒంటిని తాకనివి వేరే జాతి. రాడార్ తరంగాలు ఛాతీ మీద పడి తిరిగి రావడంలో తేడాను చూస్తాయి. పరుపు కింద పరిచే పలుచని పట్టా గుండె కొట్టుకున్నప్పుడూ ఊపిరి తీసినప్పుడూ ఒంట్లో పుట్టే సన్నని కంపనాన్ని వింటుంది. బెంగళూరులో మొదలైన డోజీ సంస్థ పట్టా ఆ బాపతుదే. మొబైల్ ఫోను చెవికి వినపడని శబ్దాన్ని పంపి ప్రతిధ్వనిని వినగలదు. కెమెరా దుప్పటి కదలికను చూస్తుంది.

ఈ నీడల్లో చాలా వరకు కదలికకు చెందినవే, అక్కడే చిక్కు వస్తుంది. ఊపిరి రెండు రకాలుగా ఆగుతుంది. మెదడు ఆజ్ఞ ఇవ్వకపోతే ఛాతీ కదలదు, గాలీ పోదు. గొంతు మూసుకుపోతే ఛాతీ ఇంకా గట్టిగా కదులుతుంది, గాలి మాత్రం పోదు. రెండో రకంలో కదలికను చూసే యంత్రం అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది. నెలలు నిండని బిడ్డల్లో రెండూ కలిసిన రకం తరచుగా కనిపిస్తుంది: మొదట ఆజ్ఞ ఆగి, ఆ తర్వాత గొంతు ముడుచుకుంటుంది. ఛాతీ ఎలక్ట్రోడ్లకు ఇంకో బలహీనత ఉంది. ఊపిరి ఆగినా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ దడకు ఛాతీలో రక్తం కదిలినప్పుడు నిరోధం మారితే, యంత్రం దాన్ని ఊపిరిగా లెక్కపెట్టి అలారం మోగించకపోవచ్చు. ఆక్సిమీటర్ ఈ పొరపాటు చేయదు కానీ ఆలస్యంగా చెబుతుంది. ఊపిరి ఆగిన తర్వాత రక్తంలో ఆక్సిజన్ పడిపోవాలి, ఆ రక్తం వేలిదాకా రావాలి, యంత్రం కొన్ని సెకన్ల సగటు తీయాలి. అందుకే పసిబిడ్డల వార్డులో ఛాతీ కదలిక, గుండె వేగం, ఆక్సిజన్ మూడింటినీ కలిపి చూస్తారు. ఒక నీడ అబద్ధం చెప్పినప్పుడు ఇంకోటి నిజం చెబుతుంది. ఒకే నీడను నమ్ముకుని ‘మీ బిడ్డ ఊపిరిని కాపాడతాం’ అనే ఏ వస్తువునైనా అనుమానించడానికి ఈ ఒక్క కారణం చాలు.

సెకన్ల గడియారంతో మొదలుపెడదాం. గర్భంలో 30, 31 వారాలే ఉండి పుట్టిన బిడ్డల్లో సుమారు సగం మందికి ఆప్నియా వస్తుంది. 34, 35 వారాలకు పుట్టినవాళ్లలో అది నూటికి ఏడుగురి దాకా తగ్గుతుంది. 28 వారాల లోపు బిడ్డల్లో రానివాళ్లే అరుదు. కాబట్టి ఎవరిని కనిపెట్టి ఉండాలో ముందే తెలుసు, వాళ్లు ఎక్కడ ఉండాలో కూడా తెలుసు. ఇక్కడ యంత్రానికి సాటి లేదు: 12 పడకల వార్డులో ఇద్దరు ముగ్గురు సిస్టర్లు రాత్రంతా ప్రతి ఛాతీనీ చూస్తూ కూర్చోలేరు. కానీ యంత్రం ఉన్నంత మాత్రాన పని పూర్తికాదు. మానిటర్లు మోగించే అలారాల్లో చాలా భాగం వైరు ఊడడం, బిడ్డ కాలు ఆడించడం వంటి వాటివే. పది సార్లు ఉత్తుత్తికే మోగిన గంటకు పదకొండోసారి పరుగెత్తడం మనిషి స్వభావంలో లేదు. ఆ బలహీనత సిస్టర్లది అనడం అన్యాయం. అందుకే ఈ వార్డుల్లో ఆప్నియాను తగ్గించే మార్గాలే ఎక్కువ మేలు చేశాయి. కెఫీన్ సిట్రేట్ అనే చవక మందు శ్వాసకేంద్రాన్ని మేల్కొలుపుతుంది. కెనడా నాయకత్వంలో పలు దేశాల్లో రెండు వేల మందికి పైగా బిడ్డల మీద జరిగి 2006లో వెలువడిన పరిశోధన, ఆ మందు ఊపిరితిత్తుల దీర్ఘకాల నష్టాన్ని తగ్గిస్తుందని చూపింది. మరుసటి ఏడు వచ్చిన ఫలితాలు ఏడాదిన్నర వయసుకు చేరేసరికి మరణాలూ వైకల్యాలూ కలిపి తగ్గాయని చెప్పాయి.

ఇంకో మార్గం అంతకన్నా చవకది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే తల్లి రొమ్ముల మధ్య బిడ్డను చర్మానికి చర్మం ఆనేలా కట్టించడం మొదలుపెట్టారు. కంగారూ పద్ధతి అంటున్నది దాన్నే. 2021లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన భారతదేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో జరిగింది. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే అలా కడితే మొదటి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని తేలింది. ఈ మేలులో వెచ్చదనం పాలు ఎంత, తల్లిపాల పాలు ఎంత, తల్లి చేతిలో ఉండడం పాలు ఎంత అన్నది విడదీసి చెప్పలేం. తల్లి గుండెకు ఆనుకున్న బిడ్డ ఊపిరి ఆగితే తెలిసేది తల్లికే, తట్టేదీ తల్లే అన్నది మాత్రం కాదనలేం. బెంగళూరులోని బెంపూ సంస్థ బిడ్డ పాదానికి తొడిగే ఒక చిన్న పరికరాన్ని తయారుచేసింది. ఊపిరి ఆగినట్టు గుర్తిస్తే అది అలారంతో ఆగిపోకుండా పాదాన్ని తానే కదిలించి బిడ్డను మేల్కొలుపుతుంది. నాకు తెలిసిన ఆలోచనల్లో ఇది మెచ్చుకోదగినది, కారణం దాని సెన్సార్ కాదు. చెయ్యి అందని రాత్రిళ్లలో యంత్రమే చెయ్యి అవ్వాలన్న దాని ఉద్దేశం. అది సిస్టరుకు బదులు కాగలదా అన్నది వార్డుల్లోనే తేలాలి.

వార్డు దాటి బిడ్డ ఇంటికి వెళ్లాక ఏమిటన్నది తల్లిదండ్రుల నిజమైన భయం. ఆ భయం మీదే ఒక పెద్ద బజారు లేచింది. దాని పునాది 1972లో అమెరికన్ పిల్లల వైద్యుడు ఆల్ఫ్రెడ్ స్టైన్‌ష్నైడర్ రాసిన వ్యాసం: ఉయ్యాలలో హఠాత్తుగా చనిపోయే బిడ్డలకు అంతకు ముందు నిద్రలో ఆప్నియా కనిపిస్తుందని ఆయన వాదన. దాంతో వేలాది ఇళ్లలోకి ఆప్నియా మానిటర్లు చేరాయి. ఆ వ్యాసానికి ఆధారమైన బిడ్డల్లో ఇద్దరు ఒకే ఇంటివాళ్లు. వాళ్ల తల్లే ఊపిరాడకుండా చేసి చంపిందని 1995లో న్యూయార్క్ రాష్ట్ర న్యాయస్థానం తేల్చింది. ఒక సిద్ధాంతం పునాది అలా కూలినా యంత్రాల అమ్మకం ఆగలేదు. 2001లో వెలువడిన చైమ్ అధ్యయనం, రంగస్వామి రామనాథన్ ముఖ్య రచయితగా, వెయ్యికి పైగా బిడ్డల ఇళ్లలో మానిటర్లు పెట్టి చూసింది. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల్లోనూ ఊపిరి ఆగడం, గుండె మందగించడం తరచుగా కనిపించాయి. అవి హఠాన్మరణానికి ముందుసూచన అనే నిదర్శనం దొరకలేదు. బిడ్డను బోర్లా కాకుండా వెల్లకిలా పడుకోబెట్టండి అని 1990లలో చేసిన ప్రచారం మాత్రం చాలా దేశాల్లో ఆ మరణాలను సగానికి పైగా తగ్గించింది. ఇప్పటికీ అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం ఆ మరణాలను ఆపే ఉపాయంగా ఇంటి మానిటర్లను సిఫారసు చేయదు.

తల్లిదండ్రులకు కాస్త ధైర్యం ఇస్తే తప్పేమిటి అన్న ప్రశ్న వస్తుంది, అది తేలిగ్గా తీసేయాల్సింది కాదు. రాత్రిళ్లు లేచి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే తల్లి ఆందోళన నిజం. కానీ అబద్ధపు ధైర్యం ఆందోళన కన్నా ప్రమాదం. 2018లో ఫిలడెల్ఫియా వైద్యులు ఇంట్లో వాడుకునే రెండు రకాల పసిబిడ్డ ఆక్సిమీటర్లను ఆసుపత్రి మానిటరుతో పోల్చి చూశారు. ఒకటి తక్కువ ఆక్సిజన్‌ను కొన్నిసార్లే పట్టుకుంది. రెండోది ఒక్కసారి కూడా పట్టుకోలేదు. మొదటి రకం తయారుచేసే ఔలెట్ సంస్థకు వైద్య పరికరంగా అనుమతి లేకుండా అమ్ముతున్నందుకు 2021లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక పంపింది. సంస్థ అమ్మకం ఆపి, పరీక్షలు చేయించి, 2023లో అనుమతి తెచ్చుకుంది. అక్కడ ఆ హెచ్చరిక పంపే సంస్థ ఉంది, పరీక్షించమని నిలదీసే వైద్యులు ఉన్నారు. ఆన్‌లైన్లో కొని అనంతపురంలో బిడ్డ కాలికి తొడిగే అలాంటి సాక్సు ఆక్సిమీటరుకు ఆ కాపలా తోడురాదు. ఇంకొకటి కూడా ఉంది. ఊళ్లో అర్ధరాత్రి ఆ సాక్సు మోగితే ఏం చేయాలో తల్లికి ఎవరు నేర్పారు? నెలలు నిండని బిడ్డను ఇంటికి పంపే ముందు అరికాలు తట్టడం, నోటితో ఊపిరి ఊదడం తల్లికీ అమ్మమ్మకీ చేతులు పట్టుకుని నేర్పిస్తే, ఆ అరగంట శిక్షణ ఏ సాక్సు కన్నా విలువైనది.

గంటల గడియారం దగ్గరికి వస్తే కథ మారుతుంది. పిల్లల న్యుమోనియాను స్టెతస్కోపు లేకుండా ఊపిరి లెక్కతో పట్టుకోవచ్చని 1984లో పపువా న్యూగినీలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ చూపాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు అక్కడి నుంచి వచ్చినవే: నిమిషానికి రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ల లోపు బిడ్డకు 40. ఆ అంకెను చేరినా దాటినా జబ్బు అనుమానించాలి. తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చదువురాని మంత్రసానులు కూడా లెక్కించేలా పూసలూ ఇసుక గడియారమూ కలిపిన ఒక సాధనం తయారుచేశారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా గీత దాటితే మందు ఇవ్వాలి. ఇప్పుడు ఆశా కార్యకర్త కాన్పు ఆసుపత్రిలో అయినా 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వచ్చి బిడ్డను చూడాలన్న కార్యక్రమానికి ఆ గడ్చిరోలి అనుభవమే మూలం. ఏడుస్తూ కదిలే బిడ్డ ఊపిరిని నిమిషం పాటు లెక్కపెట్టడం నేర్పరులకూ కష్టమే. ఇద్దరు నిపుణులు ఒకే బిడ్డను లెక్కపెట్టినా అంకె కలవకపోవడం మామూలు. అందుకే బిడ్డ పొట్టకు పట్టీతో కట్టి కదలికను లెక్కించే పరికరాలు వచ్చాయి, ఫిలిప్స్ సంస్థ చార్మ్ అలాంటిదే. ఇక్కడ యంత్రం పొరబడినా తల్లి చూపు తోడుంటుంది. పక్కలెగరేయడం, పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండడం అన్నవి తెలుగు పల్లెల్లో అమ్మమ్మలకు తెలియనివి కావు. ఆ చూపుకు ఒక నమ్మదగిన అంకె జోడిస్తే, 108ని పిలవాలా వద్దా అన్న నిర్ణయం గంటల్లో జరుగుతుంది.

ఆ అంకెలన్నిటిలో నేను మొదట కోరేది ఆక్సిమీటరు, అదీ పిల్లల వేళ్లకు సరిపోయే మంచి సెన్సారుతో, ప్రతి గ్రామ క్లినిక్కులో. కోవిడ్ కాలంలో వేలిక్లిప్పు ఊరూరా చేరింది, జనానికి 94 అన్న అంకె అర్థం తెలిసింది. ఆ తెలివిడిని వదులుకోకూడదు. కానీ రెండు హద్దులు చెప్పుకోవాలి. 2020 డిసెంబరులో అమెరికా మిషిగన్ వైద్యులు వెలువరించిన పోలికలో, ఆక్సిమీటరు బాగుందని చూపినా రక్తపరీక్షలో ఆక్సిజన్ తక్కువగా తేలినవాళ్లు తెల్లవాళ్లలో నూటికి నలుగురైతే నల్లవాళ్లలో పన్నెండుగురు. చర్మం రంగు కాంతిని మింగుతుంది; ఎండన పడి పనిచేసే అనంతపురం రైతు వేలికి ఆ యంత్రాన్ని సరిచూసిందెవరు? రెండోది రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో, పిల్లల్లో పదిమందిలో సుమారు ఆరుగురికి రక్తహీనత ఉంది. ఆక్సిమీటరు ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం ఆక్సిజన్ మోస్తోందో చెబుతుందే కానీ, హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. సగం బండ్లే ఉన్న ఊళ్లో ఆ బండ్లన్నీ నిండుగానే వెళుతున్నాయని చెప్పడం లాంటిది అది. 98 చూసి నిశ్చింతగా ఉండిపోతే ఆయాసపడే బాలింతకు అన్యాయం జరుగుతుంది.

నెలల గడియారం దగ్గర నా అభిప్రాయం పూర్తిగా మారుతుంది. తాకని యంత్రాలకు నిజమైన చోటు ఇక్కడే ఉంది. నిద్రలో గొంతు మూసుకుపోయి, గంటకు అయిదుసార్లో ముప్పయిసార్లో ఊపిరి ఆగే జబ్బు ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల వయసువాళ్లలో 90 కోట్ల మందికి పైగా ఉందని 2019లో ఒక అంతర్జాతీయ అంచనా తేల్చింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి, భారతీయ పెద్దల్లో నూటికి 11 మందికి, అంటే సుమారు 10.4 కోట్ల మందికి ఇది ఉండవచ్చని లెక్కగట్టారు. వాళ్లలో ఎక్కువమందికి తెలిసింది గురక ఒక్కటే, దాన్నీ గాఢనిద్రకు గుర్తుగా మెచ్చుకునేవాళ్లున్నారు. ఒళ్లంతా తీగలు తగిలించి రాత్రంతా నిద్రపుచ్చే ప్రయోగశాల పరీక్ష పల్లె మనిషికి పట్టణ ప్రయాణం, కూలి నష్టం, కొత్త మంచం మీద పట్టని నిద్ర. పైగా ఒక్క రాత్రి కొలత నమ్మదగింది కాదు. అదే మనిషికి రాత్రి రాత్రికీ అంకె మారుతుంది. ఒక నెల పాటు ఇంట్లోనే, మామూలు పక్క మీదే కొలిచే యంత్రం సెన్సార్‌లో కాస్త తక్కువైనా, రాత్రుల సంఖ్యతో ఆ లోటు పూడ్చుకుంటుంది. ఒకరాత్రి తప్పు మరుసటి రాత్రి సరిదిద్దుకోవచ్చు. పసిబిడ్డ విషయంలో ఆ వెసులుబాటు లేదు.

ఐఐటీ మద్రాసులో చదివి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న శ్యామ్‌నాథ్ గొల్లకోట బృందం 2015లో, రాజలక్ష్మీ నందకుమార్ ముఖ్య రచయితగా, మామూలు మొబైలును సోనార్‌గా మార్చి 37 మంది రోగుల నిద్రను ప్రయోగశాల పరీక్షతో పోల్చింది. మంచం పక్కన ఫోను పెడితే చాలు, కొత్తగా కొనేదేమీ లేదు. 2024లో సామ్‌సంగ్, ఆపిల్ గడియారాలకు ఈ జబ్బును అనుమానించే అనుమతి ఎఫ్‌డీఏ ఇచ్చింది. ఆపిల్ తానే ప్రకటించిన లెక్క ప్రకారం మధ్యస్థ, తీవ్ర రోగుల్లో మూడింట రెండు వంతుల మందిని అది పట్టుకుంటుంది; జబ్బు లేనివాళ్లను తప్పుగా భయపెట్టడం చాలా అరుదు. పసిబిడ్డ మానిటరు ఇలా మూడో వంతును వదిలేస్తే ఘోరం. పెద్దవాళ్ల జల్లెడకు అది ఆరంభంగా పనికొస్తుంది, ఎందుకంటే వదిలిపోయినవాణ్ని భార్య ఫిర్యాదు, పగటి కునికిపాట్లు, రక్తపోటు మళ్లీ పట్టిస్తాయి. హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా పోతుంది. గుంతకల్లు ఒక రైల్వే డివిజన్ కేంద్రం. ఒక అమెరికన్ లారీ సంస్థలో చేసి 2016లో వెలువరించిన అధ్యయనంలో, ఈ జబ్బు తేలాక చికిత్స వాడని డ్రైవర్ల తీవ్ర ప్రమాదాలు అయిదు రెట్లు ఎక్కువ. 2013లో న్యూయార్క్‌లో నలుగురి ప్రాణం తీసిన రైలు ప్రమాదానికి, బయటపడని నిద్ర ఆప్నియాతో డ్రైవరు కునుకు తీయడమే కారణమని దర్యాప్తు తేల్చింది. ఈ పీఠభూమి మీద మొదటి జల్లెడ ఎక్కడ పట్టాలో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

పట్టుకుని ఏం లాభం, చికిత్స ఎవరికి అందుతుంది అన్నది ఇక్కడ బలమైన అభ్యంతరం. కోలిన్ సలివన్ 1981లో ఆస్ట్రేలియాలో కనిపెట్టిన సీపాప్, ముక్కు మాస్కులోంచి గాలిని ఒత్తి గొంతు మూసుకోకుండా ఆపే యంత్రం, పేద ఇంటికి ఇప్పటికీ భారమే. కరెంటు పోతే ఆగిపోతుంది. 2016లో వెలువడిన సేవ్ పరిశోధనలో అది గుండెపోట్లనూ పక్షవాతాన్నీ తగ్గించలేదు కూడా. ఈ చివరి మాట నిజమే, కానీ ఆ పరిశోధనలో రోగులు రాత్రికి సగటున 3.3 గంటలే మాస్కు పెట్టుకున్నారు. అయినా వాళ్ల పగటి మగత తగ్గింది. లారీ నడిపే మనిషికి కావలసింది ముందు ఆ మగత తగ్గడమే. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం కొందరికి మాస్కు లేకుండానే మేలు చేస్తాయి. జబ్బు పేరు తెలియనంత కాలం అవేవీ మొదలుకావు. సంస్థ లారీల్నీ రైళ్లనూ నడిపేవాళ్లకు ఆ మాస్కు ఖర్చు సంస్థే భరించాలి. ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా పరీక్ష జరగాలి, లేకపోతే గురకను దాచిపెట్టేవాళ్లే ఎక్కువవుతారు.

మిగిలింది, ఈ యంత్రాలు అనంతపురంలో పనిచేస్తాయా అన్న సందేహం. అవి పెరిగిన ఇంటిలో ఏసీ, వెడల్పైన పరుపు, గదికి ఒకరిద్దరు. ఇక్కడ వేసవి రాత్రి ఆరుబయట, మిద్దె మీద, ఒకే చాప మీద నలుగురు పడుకుంటారు. రాడారుకు ఎవరి ఛాతీ ఎవరిదో తెలియాలి. నులకమంచం అల్లిక కింద పట్టా పరిస్తే కంపనం ఏమవుతుందో కొలిచి చూడాలి. ఫ్యాను గాలికి రెపరెపలాడే దుప్పటిని కెమెరా ఊపిరి అనుకోవచ్చు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు బిగుసుకున్న పెద్దవాళ్లలో పక్కటెముకలు సరిగా విచ్చుకోవు, ఊపిరంతా పొట్టతోనే. ఛాతీ పట్టీకి వాళ్ల ఊపిరి సరిగా కనపడదు. అన్నిటికన్నా ఆలోచింపజేసేది వేడి. ముక్కు థర్మిస్టరుకైనా, వేడిని చూసే కెమెరాకైనా ఆధారం బయటి గాలికీ నిశ్వాసానికీ ఉన్న తేడా. బయటికి వచ్చే ఊపిరి సుమారు 34 డిగ్రీలు. మే నెల రాత్రి గది కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటే ఆ తేడా దాదాపు మాయమవుతుంది, యంత్రానికి ఊపిరి ఆగినట్టే కనిపిస్తుంది. పగలు 41 డిగ్రీల్లో సంకేతం తిరగబడుతుంది, లోపలికి పోయే గాలే వేడిది. మరోవైపు వేడి జబ్బునూ పెంచుతున్నట్టుంది. పరుపు కింది సెన్సార్లు వాడే లక్షా పదహారు వేల మంది రాత్రులను చూసి 2025లో వెలువడిన ఆస్ట్రేలియన్ల నాయకత్వంలోని అధ్యయనం, వేడి ఎక్కువైన రోజుల్లో నిద్ర ఆప్నియా వచ్చే అవకాశం 45 శాతం ఎక్కువని చెప్పింది. ఆ సెన్సారు కొనగలిగినవాళ్లే ఆ లెక్కలో ఉన్నారు. మిద్దె మీద పడుకునేవాళ్లు లేరు.

ఇలా ప్రతిదాన్నీ ఇక్కడ పరీక్షించమంటే ఏళ్లు పడుతుంది, ఈలోగా ప్రాణాలు పోతాయి అనేవాళ్లకు నా జవాబు, పరీక్ష అక్కర్లేనివి ఈరోజే మొదలుపెట్టమని. కెఫీన్, కంగారూ పద్ధతి, వెల్లకిలా పడుకోబెట్టడం, ఆశా చేతిలో ఊపిరి లెక్క, గ్రామ క్లినిక్కులో ఆక్సిమీటరు, ఇవన్నీ రుజువైనవే, డబ్బు ముందు వీటికే పోవాలి. కొత్త యంత్రాల పరీక్షలో ఇక్కడి జనం లేకుండా ఇక్కడికి పనికొచ్చే ఫలితం రాదు. అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల, జేఎన్‌టీయూ రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి, బెంగళూరు తయారీదారులు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. ఒక్క ఏడాది, అందులో ఒక ఏప్రిల్, మే తప్పకుండా ఉండేలా, ఫోను సోనారునూ పట్టానూ గడియారాన్నీ మిద్దెల మీద పడుకునే డ్రైవర్ల పక్కన పెట్టి, అదే రాత్రి వేలికి ఆక్సిమీటరు, ఛాతీకీ పొట్టకూ పట్టీలు, ముక్కుకు గాలి ఒత్తిడి కొలిచే గొట్టం తగిలించి పోల్చాలి. ఆ ముక్కు గొట్టం థర్మిస్టరులా వేడి తేడా మీద ఆధారపడదు. ఎవరి పక్కన ఎంతమంది పడుకున్నారో, గాలి వేడి ఎంతో, కరెంటు ఎన్నిసార్లు పోయిందో ప్రతి రాత్రీ రాసుకోవాలి.